విజయవాడ నుంచి రోమ్ దాకా: క్యాబిన్ కొలతలకు సరిపోయే బ్యాక్‌ప్యాక్ ఏది కొనాలి?

కృష్ణాతీరం
అందరికీ నమస్కారం. మా అబ్బాయి జర్మనీలోని డోర్ట్‌మండ్‌లో చదువుతున్నాడు. మే నెలలో నేనూ మావారూ వాడి దగ్గరికి వెళ్తున్నాం. విజయవాడ నుంచి హైదరాబాద్ ఇండిగో, అక్కడి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ లుఫ్తాన్సా, తర్వాత రైలు. మమ్మల్ని తిప్పాలని వాడు బుడాపెస్ట్‌కి విజ్ ఎయిర్‌లో, రోమ్‌కి ర్యానెయిర్‌లో టికెట్లు కూడా తీశాడు. పెద్ద పెట్టెలు వాడి గదిలో వదిలేసి ఆ రెండు ఊళ్లకీ వీపు బ్యాగులతోనే వెళ్లాలని మా ఆలోచన.

మావారికి మోకాళ్ల నొప్పులు. ట్రాలీ పట్టుకుని మెట్లెక్కలేరు, రెయిలింగ్ పట్టుకోవడానికి చేయి ఖాళీగా ఉండాలి. నేను ఐదడుగుల మనిషిని, పెద్ద బ్యాగు వేసుకుంటే నడుము కిందికి జారిపోతుంది. బీసెంట్ రోడ్డులో చూసినా ఆన్‌లైన్‌లో చూసినా "40 లీటర్లు, క్యాబిన్ సైజు" అనే రాసి ఉంటోంది. అలా రాసి ఉంటే అన్ని విమానాల్లోనూ ఒప్పుకుంటారా? ఒక్కో బ్యాగుకి నాలుగైదు వేల దాకా పెట్టగలం. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

కొండదారి
నమస్తే అండీ. నేను విశాఖ నుంచి. అరకు, లంబసింగి వైపు తరచూ నడకలకు వెళ్తుంటాను. బ్యాగు విషయంలో నా సలహా ఒక్కటే, నడుము బెల్టు లేనిది కొనకండి. బరువు భుజాల మీద కాకుండా తుంటి మీద కూర్చోవాలి. డెకథ్లాన్‌లో ఫోర్‌క్లాజ్ ట్రావెల్ రకం 40 లీటర్లది చూడండి, సూట్‌కేసులా మొత్తం విచ్చుకుంటుంది. ఇంకా చాలా ఎక్కువ పెట్టగలిగితే ఆస్ప్రే ఫార్‌పాయింట్ 40 ఉంది. ఆడవాళ్ల భుజాలకు తగినట్టు వాళ్లే ఫెయిర్‌వ్యూ అని వేరే చేస్తారు, మీ ఎత్తుకి అది నప్పుతుంది. ఇలాంటి బ్యాగు ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వాడొచ్చు.

లెక్కలమాస్టారు
కొండదారి గారు చెప్పిన బ్యాగులు మంచివే. కానీ ఈ ప్రయాణానికి లీటర్లు చూసి కొంటే చిక్కు వస్తుంది. ఏ ఎయిర్‌లైనూ కౌంటర్‌లో లీటర్లు కొలవదు. పొడవు, వెడల్పు, మందం, ఈ మూడూ విడివిడిగా చూస్తారు.

ఇండిగో 55×35×25 సెంటీమీటర్లు, 7 కిలోలు. లుఫ్తాన్సా 55×40×23, 8 కిలోలు. ర్యానెయిర్‌లో ప్రయారిటీ, అంటే పెద్ద క్యాబిన్ బ్యాగు కోసం అదనంగా డబ్బు కట్టే సదుపాయం, కొన్నవాళ్లకు 55×40×20, 10 కిలోలు. ఒకరు వెడల్పు ఎక్కువిచ్చి మందం తగ్గించారు, ఇంకొకరు మందం ఎక్కువిచ్చి వెడల్పు తగ్గించారు. మూడింట్లోనూ పట్టాలంటే ప్రతి కొలతలోనూ తక్కువదే తీసుకోవాలి. అప్పుడు మిగిలేది 55×35×20. గుణిస్తే 38.5 లీటర్లు. 2015లో అంతర్జాతీయ విమానయాన సంస్థల సంఘం ఐఏటీఏ అన్ని సంస్థలకీ ఒకే కొలత ఉంటే బాగుంటుందని ప్రతిపాదించిందీ సరిగ్గా ఇదే, 55×35×20. అది అమలుకు నోచుకోలేదు. మనలాంటి ప్రయాణికులు మాత్రం ఆ కొలత గుర్తుంచుకోవాలి.

ఇండిగో కొలత ప్రకారం పెట్టెకు 48 లీటర్ల పైనే వస్తుంది. అందుకే మన దేశంలో "క్యాబిన్ సైజు" అని అమ్మే బ్యాగులు 25 మందంతో ఉంటాయి. ఐరోపాలో ర్యానెయిర్ లాంటివాళ్లు బ్యాగు సైజు చూడటానికి పెట్టే 20 మందం ఇనుప చట్రంలో అది దిగదు.

డోర్ట్‌మండ్_కుర్రాడు
ఆంటీ, నేనూ డోర్ట్‌మండ్‌లోనే ఉంటాను. బ్యాగు కొనేముందు ఒక్క పని చేయండి. బుడాపెస్ట్, రోమ్ టికెట్లు ఏ రకమో మీ అబ్బాయిని అడగండి. మాస్టారు చెప్పిన 55×40×20 ప్రయారిటీ కొన్నవాళ్లకే. విద్యార్థులం ఎక్కువగా తీసేది అన్నింటికన్నా చౌక టికెట్. అందులో సీటు కింద పట్టే చిన్న బ్యాగు ఒక్కటే ఉచితం. విజ్ ఎయిర్‌లో దాని కొలత 40×30×20. ర్యానెయిర్‌లో ఇంతకుముందు 40×25×20 ఉండేది, 2025లో దాన్ని కూడా 40×30×20 చేశారు. అంటే 24 లీటర్లు. మీరు చూస్తున్న 40 లీటర్ల బ్యాగులు ఏవీ అందులో పట్టవు.

 

కృష్ణాతీరం
బాబూ, ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. రెండూ చౌక టికెట్లేనట. "చిన్న బ్యాగు ఒక్కటే అమ్మా, చెప్పడం మర్చిపోయా" అన్నాడు. ఇక 40 లీటర్లది కొనాలా వద్దా? ప్రయారిటీ కొనేస్తే సరిపోతుందా?

గల్ఫ్_గోదావరి
అమ్మా, నేను దుబాయ్‌లో పనిచేస్తాను. రాజమండ్రి దగ్గర మా ఊరు. కొలతల సంగతి మాస్టారు చెప్పారు, నేను బరువు గురించి చెబుతాను.

మన ఎయిర్‌పోర్టుల్లో ఎక్కువమందిని ఆపేది కాటా దగ్గర. చాలా గల్ఫ్ విమానాల్లో ఎకానమీకి 7 కిలోలంటే 7 కిలోలే. ఎమిరేట్స్ కూడా 7 కిలోలే, పైగా ఇండియాలో ఎక్కేవాళ్లకు మూడు కొలతలూ కలిపి 115 సెంటీమీటర్లు దాటకూడదని వేరే నియమం ఉంది. ఖతార్ ఎయిర్‌వేస్ వాళ్లది 50×37×25, అక్కడ పొడవే 50. ఇంకోసారి పిల్లాడి దగ్గరికి దోహా మీదుగా వెళ్లాల్సి వస్తే ఆ 55 సెంటీమీటర్ల బ్యాగు మళ్లీ చర్చకు వస్తుంది.

ఆ 7 కిలోల్లో బ్యాగు సొంత బరువు కూడా ఉంటుందని మర్చిపోకండి. లోపల రాడ్లు, మందపాటి నడుము బెల్టు ఉన్న 40 లీటర్ల బ్యాగు ఒకటిన్నర కిలో దాకా తూగుతుంది. చక్రాల ట్రాలీ అయితే రెండున్నర, మూడు. చిన్న మెత్తటి బ్యాగు ముప్పావు కిలోలో తేలుతుంది. ఆ తేడాలో ఒక నూలు చీర, మందుల పెట్టె వచ్చేస్తాయి.

డాలస్_పిన్ని
కృష్ణాతీరం గారూ, యూట్యూబ్‌లో బ్యాగుల వీడియోలు చూస్తుంటే ఒక్క విషయం చూసుకోండి. చేసేవాళ్లలో చాలామంది అమెరికాలో ఉంటారు. ఇక్కడ అమెరికన్, డెల్టా, యునైటెడ్ మూడింటికీ 22×14×9 అంగుళాలు, అంటే 56×36×23 సెంటీమీటర్లు. ఈ విమానాల్లో క్యాబిన్ బ్యాగుకి మామూలుగా బరువు చూడరు. అందుకే వాళ్లు రెండు కిలోల బ్యాగుని కూడా "క్యాబిన్‌కి బ్రహ్మాండం" అంటారు. ఇక్కడి వరకు అది నిజమే. హైదరాబాద్‌లో 7 కిలోల కాటా మీదా, రోమ్‌లో 40×30×20 చట్రంలోనూ అది నిలవదు.

ఆగస్టులో మన పిల్లలు ఎమ్మెస్‌కి వచ్చేటప్పుడు తల్లిదండ్రులు ఇదే పద్ధతిలో ఇక్కడి సైజు చూసి కొని పంపుతుంటారు. మధ్యలో గల్ఫ్‌లో విమానం మారేవాళ్లకు ఆ కొలతా బరువూ కూడా చూడాలి. టికెట్‌లో ఉన్న విమానాలన్నీ ఒక కాగితం మీద రాసుకుని, అన్నింటికన్నా తక్కువ కొలత దేనిదో అదే మీ బ్యాగు కొలత అనుకోండి.

శంషాబాద్_డెస్క్
కొన్నేళ్లు చెక్-ఇన్ కౌంటర్‌లో పనిచేసి ఉన్నాను, ఏ సంస్థ అనేది వదిలేద్దాం. కౌంటర్ అవతల నిలబడినవాళ్లు ఏం చూస్తారో చెబుతాను.

ముందు కంటికి కనిపించే ఆకారం చూస్తాం. బ్యాగు పొంగి గుండ్రంగా ఉంటే, పట్టీలు వేలాడుతుంటే, పక్క జేబులో ఫ్లాస్కు నిలబడి ఉంటే చేయి అటే వెళ్తుంది. చదునుగా, పట్టీలన్నీ బిగించి ఉన్న బ్యాగు ఒక సెంటీమీటర్ అటూ ఇటూ అయినా చాలాసార్లు ఎవరూ పట్టించుకోరు. ఐరోపా చౌక విమానాల్లో గేటు దగ్గర చట్రం పెట్టి చూస్తారు, అక్కడ ఈ సర్దుబాటు ఆశించకండి. గేటు దగ్గర కట్టించుకునే డబ్బు టికెట్ ధర కన్నా ఎక్కువైన సందర్భాలుంటాయి. బ్యాగు కావాలనుకుంటే ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోవాలి.

తయారీదారు రాసే కొలత ఖాళీ బ్యాగుది. ముందు జేబులో గొడుగు, స్వెటర్ కుక్కితే మందం 20 నుంచి 26కి పోతుంది. మందమే అందరినీ పట్టిస్తుంది, పొడవు కాదు.

మన దేశంలో పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ నియమం ప్రకారం మనిషికి ఒకే హ్యాండ్ బ్యాగు. ఆడవాళ్ల పర్సు లాంటివి దానికి మినహాయింపు. ఇండిగోలో క్యాబిన్ బ్యాగుతో పాటు 3 కిలోల దాకా పర్సో ల్యాప్‌టాప్ బ్యాగో ఒకటి ఒప్పుకుంటారు. భద్రతా తనిఖీ దగ్గర చేతిలో మూడు నాలుగు కవర్లు కనిపిస్తే మాత్రం ఆపుతారు. పూలూ ప్రసాదాల కవర్ కూడా బ్యాగులోకే సర్దేయండి.

ఇంకొకటి, విజయవాడ-హైదరాబాద్ ఇండిగో అంటే చాలావరకు ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానమే. అందులో తల మీది అరలు చిన్నవి. మామూలు ఎయిర్‌బస్‌లో దూరే 55 సెంటీమీటర్ల బ్యాగు అక్కడ పట్టకపోతే విమానం మెట్ల దగ్గరే తీసుకుని లగేజీలో వేస్తారు. అలా తీసుకునేటప్పుడు మందులు, పాస్‌పోర్టులు, బంగారం, పవర్ బ్యాంక్ మీ చేతిలో ఉంచుకోవాలి. పవర్ బ్యాంక్ లగేజీ గదిలోకి వెళ్లకూడదు. మీది 20,000 ఎంఏహెచ్ అయితే 74 వాట్-అవర్లు, పరిమితి 100. క్యాబిన్‌లోకి ఇబ్బంది లేదు.

కొండదారి
శంషాబాద్ డెస్క్ గారు చెప్పింది కాదనను. కానీ 24 లీటర్ల బ్యాగులో ఇద్దరు పెద్దవాళ్ల నాలుగు రోజుల సామాను పట్టించమనడం కష్టం. చిన్న బ్యాగుల్లో నడుము బెల్టు ఉండదు, ఉన్నా అది తుంటి దాకా రాదు. భుజాలు లాగేస్తాయి. ప్రయారిటీకి కొంచెం డబ్బు పోయినా 40 లీటర్లది తీసుకోవడమే ఆరోగ్యానికి మంచిదని నా అభిప్రాయం. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి బరువు సరిగ్గా పంచడం ముఖ్యం కదా.

డోర్ట్‌మండ్_కుర్రాడు
అన్నా, మోకాళ్లకు బరువు ఎక్కడ కూర్చుందన్నది కాదు, ఎంత ఉందన్నదే లెక్క. తుంటి మీద ఉన్నా మోకాలు మోయాల్సిందే కదా. 40 లీటర్ల బ్యాగు ఇస్తే మనిషి 40 లీటర్లూ నింపుతాడు. చిన్న బ్యాగులో ఐదు కిలోలు దాటవు. ఐదు కిలోలకు నడుము బెల్టు లేకపోయినా వెడల్పు పట్టీలు, ఛాతీ బకిల్ ఉంటే చాలు. రోమ్‌లో చాలా వీధులు రాళ్లు పరిచినవి, మెట్రోలో కొన్నిచోట్ల మెట్లు తప్పవు. నేనైతే అంకుల్‌కి తక్కువ బరువే చెబుతాను.

కొండదారి
మోకాళ్ల సంగతిలో నీ మాట ఒప్పుకుంటా తమ్ముడూ. ఐదు కిలోల లోపే అయితే బెల్టు అవసరం లేదు. అది దాటితే మాత్రం నా మాట నాదే.

కుట్టుమిషన్
బ్యాగులు కుట్టడం, బాగుచేయడం మా ఇంటి పని. రాజమండ్రిలో చిన్న షాపు. ఇన్ని కొలతలు చెప్పుకున్నాం గానీ బ్యాగు చేతిలోకి తీసుకుని ఏం చూడాలో ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను.

ముందు జిప్పు. బ్యాగు గుడ్డ చిరిగి మా దగ్గరికి వచ్చేవి తక్కువ, జిప్పు పోయి వచ్చేవే ఎక్కువ. రన్నర్‌ని మూల దగ్గర అటూ ఇటూ లాగి చూడండి. మూల తిరిగేచోట పట్టేస్తే, నిండా సర్దిన రోజున పళ్లు ఊడతాయి. వైకేకే అని జిప్పుల కంపెనీ పేరు అచ్చు ఉంటే మంచిదే. లేకపోయినా పళ్లు లావుగా ఉండి, రన్నర్లు రెండుంటే నమ్మొచ్చు, ఒకటి పోయినా రెండోదానితో నడుస్తుంది.

తర్వాత భుజం పట్టీ పైభాగంలో బ్యాగుకి అతుక్కునే చోటు. అక్కడ కుట్టు ఒకే వరుసలో ఉంటే వద్దు. పెట్టెలా నాలుగు వైపులా కుట్టి మధ్యలో అడ్డంగా గుణకారం గుర్తులా కుట్టు ఉండాలి. లోపల అస్తరు తిరగేసి చూడండి, గుడ్డ అంచు కుట్టులోకి పోయి మడిచి ఉందా, పోగులు బయట వేలాడుతున్నాయా అని. పోగులు కనిపిస్తే ఏడాదిలో విడిపోతుంది.

మీకు కావలసింది 40×30×20 కాబట్టి, వీపు వైపు లోపల గట్టి ప్లాస్టిక్ అట్టగానీ రాడ్డుగానీ ఉందేమో నొక్కి చూడండి. అది 44 సెంటీమీటర్లుంటే బ్యాగు ఎంత ఖాళీగా ఉన్నా 40కి దిగదు. ఏమీ లేని మెత్తటి బ్యాగు అయితే పైన కాస్త ఖాళీ వదిలితే నొక్కుకుని దిగుతుంది. మార్కెట్‌లో ల్యాప్‌టాప్ బ్యాగులు ఎక్కువగా 45 నుంచి 48 సెంటీమీటర్ల ఎత్తుంటాయి, సన్నగా కనిపించినా ఈ విమానానికి పనికిరావు. పొట్టిగా, కాస్త చదరంగా ఉండేది వెతకండి. మీ ఎత్తుకీ అదే నప్పుతుందమ్మా, నడుము కిందికి రాదు.

గల్ఫ్_గోదావరి
కుట్టుమిషన్ అన్నయ్యా, చాలా ఉపయోగమైన మాట. షాపుకి టేపు పట్టుకెళ్లాలి, ఇంకా మంచిది ఇంట్లో 40×30×20 అట్టపెట్టె ఒకటి కత్తిరించి చేసుకుని, సర్దిన బ్యాగు అందులో దిగుతుందో లేదో చూసుకోవడం.

కృష్ణాతీరం
మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మావారూ నేనూ కూర్చుని అన్నీ చదివాం. 40 లీటర్లది కొనకూడదని తేల్చుకున్నాం. ఇద్దరికీ చెరొక 40×30×20 మెత్తటి బ్యాగు. విజయవాడ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ దాకా అదే మా క్యాబిన్ బ్యాగు, బరువున్నవన్నీ చెక్-ఇన్ పెట్టెల్లో. ఏటీఆర్‌లో అర చిన్నదైనా భయం లేదు, సీటు కింద పట్టేస్తుంది.

రోమ్‌కి మాత్రం కాస్త సామాను ఎక్కువవుతుందేమో. ప్రయారిటీ ఇద్దరికీ తీసుకోవాలా?

డోర్ట్‌మండ్_కుర్రాడు
ఒక్కరికి చాలు ఆంటీ. ఒకే బుకింగ్‌లో ఉన్నా ర్యానెయిర్ ప్రయారిటీ మనిషికి విడిగా కొనొచ్చు. మీ అబ్బాయి పేరు మీద తీసుకోమనండి, పెద్ద బ్యాగు వాడే మోస్తాడు. ఒక్కో విమానంలో ఇన్నే అని పరిమితి ఉంటుంది, ఆలస్యం చేస్తే దొరకదు. నా దగ్గర 55×35×20 బ్యాగు ఒకటి ఖాళీగా ఉంది, మీరు ఇక్కడికొచ్చాక ఇస్తాను. దానికోసం ఇంకోటి కొనొద్దు.

డాలస్_పిన్ని
చల్లగా ఉండు బాబూ.

కృష్ణాతీరం గారూ, చీరల సంగతి. నూలు చీర సుమారు అరకిలో, పట్టుచీర జరీని బట్టి ముప్పావు కిలో, కిలో కూడా ఉంటుంది. రోమ్‌కి పట్టుచీర వద్దు. జార్జెట్, క్రేప్ లాంటివి మడిస్తే అరచేతిలో ఇమిడిపోతాయి, ముడత పడవు. బరువైన చలి కోటు, బూట్లు విమానం ఎక్కేటప్పుడు వేసుకునే వెళ్లండి. ఒంటి మీద ఉన్నది కాటా మీదికి రాదు.

కృష్ణాతీరం
కోటు మాట బాగుంది పిన్నిగారూ. వాడికి నెయ్యి, పాలకోవా, ఆవకాయ తీసుకెళ్లాలని ఉంది. అవి ఎందులో పెట్టాలి?

శంషాబాద్_డెస్క్
నెయ్యి, పాలకోవా వదిలేయండి మేడం. ఐరోపా సమాఖ్య దేశాల్లోకి బయటి దేశాల నుంచి ప్రయాణికులు పాల ఉత్పత్తులు, మాంసం తేకూడదు. కస్టమ్స్ వాళ్లు చూస్తే తీసి పారేస్తారు, బాధేస్తుంది. ఆవకాయ చెక్-ఇన్ పెట్టెలోనే. నూనె తేలే పచ్చడిని ద్రవం కిందే లెక్కేస్తారు, క్యాబిన్‌లో ద్రవాలకు 100 మిల్లీలీటర్ల హద్దు. మూత చుట్టూ టేపు వేసి రెండు కవర్లలో కట్టండి. కారప్పొడి, కందిపొడి కూడా పెట్టెలోనే వేయండి, తనిఖీలో పొడులు విప్పించి చూస్తుంటారు.

మీవారి మందులు మాత్రం పెట్టెలో వేయకండి. చీటీతో సహా చిన్న బ్యాగులో, అదీ పై జేబులో.

కృష్ణాతీరం
అలాగే చేస్తాం. శనివారం షాపుకి వెళ్తున్నాం. కుట్టుమిషన్ గారూ, ఒక్క సందేహం. మాకు నచ్చిన ఒక బ్యాగు 40×30×20 ఉంది, కానీ కింద సన్నటి నడుము పట్టీలు రెండు వేలాడుతున్నాయి. కత్తిరించేయమంటారా?

కుట్టుమిషన్
కత్తిరించకండమ్మా. కుట్టు మొదట్లో కోస్తే ఆ పక్క గుడ్డ వదులవుతుంది. రెండు పట్టీలూ వెనక్కి తిప్పి బ్యాగు ముందు వైపు బకిల్ పెట్టేయండి, బ్యాగునే బిగించినట్టు అవుతుంది. మందం కూడా ఒక సెంటీమీటర్ తగ్గుతుంది. పొడవు మిగిలితే చుట్టి రబ్బరు బ్యాండు వేయండి.